డాక్టరు వేషం

“మాస్కు పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. నోరు మాత్రం విప్పలేదు. మీ మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది?” మూడో సంవత్సరం నర్సింగ్ చదువుతున్న పిల్ల నన్ను అందరి ముందూ అడిగేసింది. ఆ రోజు జట్టుకు నాయకురాలు తనే.

ఇంగ్లండ్‌లో నర్సుగా వార్డు పని చేసుకునే నన్ను అప్పుడప్పుడు సిమ్యులేషన్ శిక్షణకు సాయంగా పిలుస్తుంటారు. మంచం మీద బొమ్మ రోగి. ఊపిరి పీలుస్తుంది, మూలుగుతుంది. అద్దం వెనుక టీచరమ్మ తలచుకుంటే ఆక్సిజన్ పడిపోతుంది. నర్సింగ్ చదువులో తప్పనిసరైన 2300 ప్రాక్టికల్ గంటల్లో 600 దాకా ఇలా గడపవచ్చని ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ 2023లో ఒప్పుకుంది. వైద్యం కాగానే అందరూ కూర్చుని, ఎవరు ఎవరితో ఏమన్నారో తవ్వుకోవాలి. అసలు పాఠం అదేనట.

నాకు రోషం వచ్చింది. మన దగ్గర డాక్టరుగారు చెయ్యి చాచకముందే వస్తువు అందించేదే మంచి సిస్టర్. నోరు తెరిచి ఏదైనా చెబితే, “నాకు నేర్పుతున్నావా?” అనేవారు. అలా పదిమందిలో మాట పడ్డ సిస్టర్ రెండోసారి నోరెత్తుతుందా?

టీచరమ్మ ఎలైన్ బ్రోమిలీ సంగతి చెప్పింది. 2005లో మామూలు సైనస్ ఆపరేషన్‌కు వెళ్తే, మత్తు ఇచ్చాక ఊపిరి అందలేదు. డాక్టర్లు గొట్టం వేయాలని పెనుగులాడుతూనే ఉన్నారు. గొంతు దగ్గర దారి చేసే సామగ్రిని ఒక నర్సు తెచ్చింది, సిద్ధంగా ఉందని చెప్పింది కూడా. ఎవరూ పట్టించుకోలేదు. ఎలైన్ బతకలేదు.

చెప్పింది కదా ఆ నర్సు! మరి వినడం ఎవరికి నేర్పుతున్నారు? మా గదిలో డాక్టరు వేషం కూడా నర్సింగ్ విద్యార్థే వేస్తాడు. ఎవరేమన్నా బుద్ధిగా తలూపుతాడు. అలాంటి డాక్టరుతో జట్టు కుదరడం ఏమంత కష్టం?

ఈసారి ఆ వేషం నేనే అడిగి తీసుకున్నాను. బొమ్మకు ఆక్సిజన్ తగ్గుతోందని ఆ పిల్ల అనగానే, “నాకు నేర్పుతున్నావా?” అన్నాను, మా పాత సర్జన్ గొంతుతో. పిల్ల బిక్కచచ్చిపోయింది. నాకు లోలోపల కొంచెం హాయిగానే అనిపించింది, దాచడమెందుకు? ఈలోగా మంచానికి అటువైపు నుంచి ఇంకో కుర్రాడు, “తను చెప్పింది నిజమే డాక్టర్, మానిటర్ చూడండి” అన్నాడు. వెనకే మూడో అమ్మాయి అదే మాట అందుకుంది.

మాకు అలాంటి వత్తాసు డ్యూటీ రూములో, టీ తాగేటప్పుడు మాత్రమే దొరికేది. అదీ సర్జన్‌గారి కారు గేటు దాటిందని వాచ్‌మన్ చెప్పాక.