పన్ను పెరగొద్దని ఫోన్లు చేసిన డిసెంబర్

హన్మకొండలో మాది చిన్న రెడీమేడ్ బట్టల దుకాణం. 2021 నవంబర్ 18న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. వెయ్యి రూపాయల లోపు బట్టల మీద 5 శాతం ఉన్న జీఎస్టీ, 2022 జనవరి 1 నుంచి 12 శాతం అవుతుందని మా ఆడిటర్ చెప్పాడు. అప్పటికి కరోనా వల్ల రెండు పెళ్లిళ్ల సీజన్లు పోయాయి. ముందు సంక్రాంతి, ఆ తర్వాత ఫిబ్రవరిలో మేడారం జాతర ఉన్నాయని అప్పు తెచ్చి మరీ సరుకు నింపుకున్నాం. సరిగ్గా అప్పుడొచ్చింది ఈ కబురు.

మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా పరకాల, ధర్మసాగర్, హసన్‌పర్తి వైపు రైతులు, కూలి చేసుకునేవాళ్లు. వాళ్లు కొనేదంతా వెయ్యి లోపే. 600 రూపాయల చొక్కా మీద పన్ను 30 నుంచి 72కు పోతుంది. నలుగురికి కొంటే 168 రూపాయలు అదనం. ఇదేం పెద్ద మొత్తం అని కొందరు అన్నారు. లెక్క చూసుకుని, పిల్లాడి చొక్కా ఒకటి పక్కకు జరిపి "ఇది తర్వాత తీసుకుంటం తియ్" అనే తల్లిని నేను ప్రతి పండక్కీ చూస్తాను.

మా వ్యాపారుల సంఘం వినతిపత్రం ఇచ్చింది, పేపర్లో ఫొటో పడింది. అంతటితో సరిపోదని నాకు గట్టిగా అనిపించింది. మనం ఓటేసి పంపినవాళ్లకు మన నోటితో చెప్పాలి కదా.

ముందు ఎంపీ ఆఫీసుకు చేశాను. లోక్‌సభ వెబ్‌సైట్‌లో సభ్యుల ఢిల్లీ, సొంతూరు చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు గానీ, "పొద్దటి సంది అన్నీ వడ్ల ఫోన్లే అన్నా" అన్నాడు. నిజమే, యాసంగి వడ్లు కేంద్రం కొనాలని ఆ నెలంతా రాష్ట్రంలో గొడవే. దాని మీద నిరసనగా రాష్ట్రంలో అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్ ఎంపీలు డిసెంబర్ 7 నుంచి పార్లమెంటుకు వెళ్లడమే మానేశారు. సభలో ప్రశ్న వేయించాలన్నా కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సమావేశాలు 22న ముగిశాయి. ఆ దారి మూసుకుపోయినట్టే.

దారి చూపింది మళ్లీ మా ఆడిటరే. జీఎస్టీ రేట్ల మాట తేలేది పార్లమెంటులో కాదు, జీఎస్టీ కౌన్సిల్‌లో. అందులో కేంద్ర ఆర్థిక మంత్రితో పాటు ప్రతి రాష్ట్రం నుంచీ ఒక మంత్రి కూర్చుంటారు. రాజ్యాంగం 279ఏ అధికరణం ప్రకారం కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నింటిదీ కలిపి మూడింట రెండు వంతులు. తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే రాష్ట్రాలు గట్టిగా వద్దంటే కేంద్రం ఒక్కతే ముందుకు పోలేదు. అది విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. మన ఓటు హైదరాబాద్‌లో, రాష్ట్ర ఆర్థిక మంత్రి దగ్గర ఉంది. ఆయన్ను రోజూ కలిసేవాళ్లు మన ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు.

ఇక వాళ్లకు చేయడం మొదలుపెట్టాం. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య చేస్తే పీఏ దొరుకుతాడు. పది దాటితే సార్ బయల్దేరిపోతారు, ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. నేను కాగితం మీద నాలుగే మాటలు రాసుకున్నాను: నా పేరు, దుకాణం ఎక్కడ, 600 చొక్కా లెక్క, కౌన్సిల్‌లో మన రాష్ట్రం వద్దని చెప్పాలి. అంతకు మించి మాట్లాడలేదు. కరెంటు బిల్లు, కిరాయి, ఆన్‌లైన్ పోటీ అన్నీ చెప్పుకోవాలని నోటి దాకా వచ్చేది. కానీ పీఏ రాసుకునేది ఒక్క లైను. ఆ లైను మనకు కావాల్సిందే అయి ఉండాలి. పెట్టేసే ముందు ఆయన పేరు అడిగి రాసుకునేవాణ్ని. మర్నాడు పేరు పెట్టి పిలిస్తే గొంతులోనే తేడా తెలిసేది. మా లైన్లోని దుకాణాలవాళ్లం ఒక్కో రోజు ఒక్కొక్కరం, ఎవరి బిల్లు లెక్క వాళ్లం చెప్పాం. అందరం ఒకే ముక్క అప్పజెప్పినట్టు మాట్లాడితే మూడో ఫోన్‌కే వినడం మానేస్తారు.

ఒక సాయంత్రం గిరాకీ మధ్యలో ఎమ్మెల్యే గారే ఫోన్ చేశారు. "గది ఢిల్లీ ముచ్చట కదనే, మేమేం జేస్తం?" అన్నారు.

"ఢిల్లీలనే అయితది సార్. కని ఆడ మన ఆర్థిక మంత్రి సారు గూడ కూసుంటరు. వద్దని మీరు జెర ఆయన చెవిన వెయ్యుండ్రి."

కాసేపు ఆగి, ఆ చొక్కా లెక్క మళ్లీ చెప్పించుకున్నారు. వాట్సాప్‌లో పెట్టమన్నారు. పెట్టాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

డిసెంబర్ 31న ఢిల్లీలో జరిగిన 46వ కౌన్సిల్ సమావేశం బట్టల మీద పెంపును వాయిదా వేసింది. మా ఫోన్ల వల్లే ఆగిందని నేను అనను. సూరత్ వ్యాపారులు రోడ్డెక్కారు, చాలా రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి, అప్పటి మన రాష్ట్ర జౌళి మంత్రి కేటీఆర్ కూడా బహిరంగంగానే వ్యతిరేకించారు. ఆ ఒత్తిడిలో మా వంతు కూడా ఉందని మాత్రం నమ్ముతాను. మర్నాడు అందరికీ ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాను. "పని అయినంక గూడ ఫోన్ చేసేటోళ్లు తక్కువన్నా" అన్నాడు ఒక పీఏ.

బాధ మిగిలింది చెప్పుల విషయంలో. వెయ్యి లోపు చెప్పులకూ అదే పెంపు ఉండింది, అది ఆగలేదు. జనవరి 1 నుంచి 12 శాతం అమలైంది. మా పక్కన చెప్పుల దుకాణం అన్న ఆ రోజు కొత్త ధరల స్టిక్కర్లు అంటిస్తూ కూర్చుంటే, మా సంబరం ఆయన ముందు చూపించడానికి మనసు రాలేదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు బట్టలకూ చెప్పులకూ 5 శాతమే అయింది. అయితే 2,500 దాటిన రెడీమేడ్‌కు 12 నుంచి 18కి పెంచారు. పేదింట్లోనైనా పెళ్లికొడుకు షేర్వానీ ఆ ధరకు దిగువన దొరకడం కష్టం. ఆ లెక్క మళ్లీ కాగితం మీద రాశాను. ఈసారి మాతో పాటు చెప్పుల దుకాణం అన్న కూడా ఫోన్లు చేస్తున్నాడు.