ముసాయిదాకు అభిప్రాయం పంపడం: నా అనుభవం

కేంద్ర ప్రభుత్వ డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ నిబంధనల ముసాయిదా 2025 జనవరి 3న వచ్చింది. గడువు మొదట ఫిబ్రవరి 18, తర్వాత మార్చి 5 దాకా పెంచారు. అభిప్రాయాలు కేంద్రం వారి మైగవ్ పోర్టల్‌లో, నిబంధనల వారీగా పంపాలన్నారు. చట్టం మంచిదా చెడ్డదా అన్న చర్చకు అక్కడ చోటు లేదు. ఎన్నో నిబంధన, ఏ మాట, దాని బదులు ఏం రాయాలి, అంతే.

హైదరాబాద్‌లో కూర్చున్నది నలుగురం: ఒక లాయరు, సర్వర్లు చూసే ఒకాయన, అమీర్‌పేటలో డయాగ్నస్టిక్ సెంటర్ నడిపే ఆవిడ, నేను. ఎక్కువ సమయం తిన్నది ఏడో నిబంధన. డేటా బయటికి పొక్కితే డేటా పరిరక్షణ బోర్డుకు వెంటనే ఒక సమాచారం, 72 గంటల్లో పూర్తి వివరాలు. చిన్న లీకులకు మినహాయింపు అడుగుదామని సర్వర్ల ఆయన అన్నారు. లాయరు ఒప్పుకోలేదు. ప్రతి బాధితుడికీ తెలపాలన్నది ఈ నిబంధనలకు మూలమైన 2023 చట్టంలోని సెక్షన్ 8(6) మాట, చట్టాన్ని నిబంధన దాటకూడదు. మనం అడగగలిగేది ఏ రూపంలో, ఏ పద్ధతిలో తెలపాలి అన్నదే. ఈ తేడా తెలియక పంపిన పేజీలు ఎన్నయినా బుట్టదాఖలే.

అసలు చిక్కు సెంటర్ ఆవిడ చెబితేనే తెలిసింది. బాధితులకు వాళ్లు నమోదు చేసుకున్న మార్గంలో తెలపాలని ముసాయిదా అంటుంది. ఆవిడ రిజిస్టర్‌లో ఇంటిల్లిపాదికీ ఒకటే నంబరు, చాలాసార్లు కొడుకుది. అత్తగారి పరీక్ష సంగతి, కోడలి పరీక్ష సంగతి అన్నీ ఆ ఒక్క ఫోన్‌కే పోతాయి. లీకు గురించి పంపే మెసేజే ఇంకో లీకు! మెసేజ్‌లో పరీక్ష పేరు ఉండకూడదు, వివరాలు అడిగినవారికి విడిగా చెప్పాలి అని రెండు వాక్యాలు రాసిచ్చాం.

లాగ్‌లు, అంటే డేటాను ఎవరు ఎప్పుడు చూశారన్న రికార్డులు, ఏడాది దాచాలన్న ఆరో నిబంధన మీద పెద్దగా రాయలేదు, డిస్కు ఖర్చు లెక్క ఒకటి జోడించాం.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అయితే వచ్చిన అభిప్రాయాలను బయటపెట్టి, ప్రతివ్యాఖ్యలకు కూడా గడువిస్తుంది. అవతలి కంపెనీ ఏమందో చదివి జవాబు రాయొచ్చు. ఇక్కడ అభిప్రాయాలు ఎవరికీ వెల్లడించబోమని ముందే చెప్పారు. మొహమాటం లేకుండా రాయడానికి అది మంచిదే, కానీ ఎవరి మాట తూగిందో తెలియదు. నవంబర్‌లో తుది నిబంధనలు వచ్చాక ముసాయిదా పక్కన పెట్టుకుని చదివాం. 72 గంటలు అలాగే ఉన్నాయి. పిల్లల సమ్మతి, వికలాంగుల సంరక్షకుల సమ్మతి కలిసి ఉన్న పదో నిబంధన మాత్రం రెండుగా విడిపోయింది. పోర్టల్‌లో ఆ నిబంధన గడిలో మేమేమీ రాయలేదు.