చెవితో రెండు వేల మీటర్లు

రెండు వేల మీటర్ల రోయింగ్ రేసు మీద ఒక ఆడియో చేస్తున్నాను. పొద్దున్నుంచీ సీటు జారే చప్పుడుతోనే కుస్తీ. రేసు బోటులో సీటు కింద చిన్న చక్రాలుంటాయి. కాళ్లతో తన్ని తెడ్డు లాగుతూ వెనక్కి పోతారు, మోకాళ్లు మడుచుకుంటూ మళ్లీ ముందుకొస్తారు. అలా వచ్చేటప్పుడు పట్టాల మీద చక్రాలు దొర్లే గరగర ఉంటుందే, హుస్సేన్ సాగర్‌లో రికార్డు చేసుకొచ్చిన దాంట్లో అన్నిటికంటే బాగా పడింది అదే. నాకేమో నీళ్లు వినపడాలి.

ఒడ్డున నిలబడి చూస్తే రోయింగ్ అంత మూగ ఆట ఇంకోటి ఉండదు. లోపల కూర్చున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు చేరాల్సిన గీత వైపు వీపు పెట్టి కూర్చుంటారు. తమకంటే వెనకబడిన బోటు కనిపిస్తుంది గానీ ముందున్నది కనిపించదు. తల తిప్పి చూద్దామంటే బోటు బ్యాలెన్సు చెడుతుంది. అందుకని సగం రేసు చెవులతోనే నడుపుతారు. నేను చేస్తున్న ఆడియో మొత్తం దీని మీదే ఆధారపడింది. కామెంటరీ లేదు, వెనకాల సంగీతం లేదు, చప్పట్లు కూడా లేవు. బోటులో కూర్చుంటే ఏం వినపడుతుందో అంతే.

కోచ్ సార్ ఒప్పుకోబట్టి ఇద్దరమ్మాయిలు చెరో రెండు తెడ్లతో నడిపే డబుల్ స్కల్స్ బోటుకి లోపలి వైపున ఒక కాంటాక్ట్ మైకు అంటించాను. అది గాలిని వినదు, బోటు ఒంట్లో పుట్టే కంపనాన్నే వింటుంది. నీళ్లలో ముంచే మైకు మాత్రం జెట్టీ కింద వేలాడదీశాను. పరిగెత్తే బోటుకి దాన్ని కడితే హోరు తప్ప ఏమీ రాదు. ధ్వని గాలిలో సెకనుకి 340 మీటర్లు పోతే నీళ్లలో 1500 దాకా పోతుంది. ఆ మైకులో తెడ్లు దిగుతున్న చప్పుడు కంటికి బోటు ఆనక ముందే మొదలవుతుంది. నెక్లెస్ రోడ్డు ట్రాఫిక్కు నీళ్ల కిందికి రాదనుకునేదాన్ని. ఒక హోరుగా వస్తుంది, పోనీలే, హైదరాబాద్ అని తెలుస్తుంది.

కాంటాక్ట్ మైకులో అసలు నిధి బుడగలు. బోటు బాగా పరిగెడుతున్నప్పుడు అడుగున గలగలమని బుడగలు పోతాయి. తమాషా ఏంటంటే, అవి జోరుగా వినపడేది తెడ్డు లాగుతున్నప్పుడు కాదు, తెడ్డు గాల్లో ఉన్నప్పుడు. డబుల్ బోటు కనీస బరువు 27 కిలోలు. అందులో కూర్చున్న ఇద్దరూ కలిపి దానికి నాలుగైదు రెట్లుంటారు. ఆ బరువంతా ఒక వైపు జరిగితే తేలికైన బోటు రెండో వైపు దూసుకుపోతుంది. అందుకే మనిషి కాళ్లు వదులు చేసి తర్వాతి లాగుడికి ముందుకొస్తున్న ఆ క్షణంలోనే బోటు వేగం అన్నిటికంటే ఎక్కువ. చూసేవాళ్లు అదేదో విశ్రాంతి అనుకుంటారు.

నా తంటా సరిగ్గా అక్కడే. గరగర, గలగల ఒకే క్షణంలో వస్తున్నాయి. సీటు చప్పుడు తగ్గిద్దామని ఈక్వలైజర్ (చప్పుడులో ఏ స్థాయి ఎంత వినపడాలో సర్దేది) తిప్పితే బుడగలు కూడా చచ్చిపోతున్నాయి. మధ్యాహ్నం విసుగొచ్చి ఆ ఇద్దరిలో ముందు కూర్చుని లయ పెట్టే అమ్మాయికి ఫోన్ చేశాను. సీటు చప్పుడు తీసేస్తున్నానని చెప్పగానే, "అయ్యో, అట్ల చెయ్యకు అక్కా! నా వెనకాల ఆమె ఏం చేస్తున్నదో నాకు కనపడదు కదా, ఆ సీటు వింటేనే తెలుస్తది" అంది. తొందరపడి జారుతోందా, తనతో కలిసి జారుతోందా అన్నది ఆమె ఆ గరగరలోనే పట్టుకుంటుందట. ఇంకేముంది, ఉదయం తగ్గించిందంతా మళ్లీ పెంచాను.

జర్మనీలో హాంబర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బోటు త్వరణాన్ని ధ్వనిగా మార్చి, రోయర్లకి బోటులోనే వినిపించే పద్ధతి తయారుచేశారు. వేగం ఎక్కడ తగ్గుతోందో స్వరం పడిపోవడంలో తెలుస్తుంది. దాని గురించి చదివినప్పుడు నేనూ అలా ఒక స్వరం కలపాలనుకున్నాను. ఇవాళ ఆ ఆలోచన మానేశాను. ఉన్న చప్పుళ్లే ఆ పని చేస్తున్నాయి.

సాయంత్రం అమ్మ ఫోన్. "బుద్ధుడి దగ్గర బోటు షికారు రికార్డు చేస్తున్నావటగా?" షికారు కాదమ్మా, ఒలింపిక్స్ ఆట అని మొదలుపెట్టి 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బజరంగ్ లాల్ తాఖర్ బంగారం తెచ్చాడని చెప్పాను. నాసిక్ జిల్లాలో బావులు తవ్విన దత్తు భోకనళ్ ఆర్మీలో చేరి రోయింగ్ నేర్చుకుని రియో ఒలింపిక్స్‌కి వెళ్లాడని, 2018 ఆసియా క్రీడల్లో పాలెంబాంగ్‌లో బంగారం గెలిచిన నలుగురిలో అతనూ ఒకడని కూడా చెప్పాను. ఆవిడ బావుల దగ్గర ఆగిపోయింది. ఎన్ని గజాలు తవ్వేవాడో అడిగింది.

ఊపిరి చప్పుడు ఎంత ఉంచాలన్నది ఇంకా తేలలేదు. రొప్పు పెంచితే వినేవాళ్లకి కష్టం వెంటనే అర్థమవుతుంది, కానీ సినిమాలా అయిపోతుంది. నా చెవికి అసలు కష్టం మూడో ఐదొందల మీటర్లలో ఇంకోచోట దొరికింది. అప్పటిదాకా నాలుగు తెడ్లు ఒకే టక్‌గా దిగుతాయి. అక్కడ మాత్రం అప్పుడప్పుడూ టటక్ అంటాయి. ఇద్దరి మధ్య వెంట్రుకంత తేడా. నాలుగైదు స్ట్రోకుల్లో సర్దుకుని మళ్లీ టక్. మాట రావాల్సిన చోట ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదు. దాన్ని కత్తిరించకుండా అలాగే ఉంచాను. అసలు ఒక మంచి స్ట్రోకుని కాపీ చేసి వరసగా అతికిస్తే పని పది నిమిషాల్లో అయిపోయేది. చేసి విన్నాను కూడా. కుట్టుమిషన్ ఆడుతున్నట్టుంది.

ఈ ఆడియో చేసిపెట్టమని అడిగినవాళ్లకి మూడు నిమిషాలు చాలట. రేసు ఏడు నిమిషాల పైన ఉంది. రాత్రి భోజనాలయ్యాక మా ఆయన ఆ పక్షమే మాట్లాడాడు. 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో, రోయింగ్ లాంగ్ బీచ్‌లో, 1932లో జరిగిన చోటే. అక్కడ రెండు వేల మీటర్లకి జాగా లేక ఈసారి 1500 మీటర్లే. "వాళ్లే తగ్గించుకున్నారు, నీకేం పోయింది?" అన్నాడు. వాదన అనవసరమని హెడ్‌ఫోన్లు చేతికిచ్చాను. మొదట్లో కళ్లు మూసుకుని శ్రద్ధగానే విన్నాడు. నాలుగున్నర నిమిషాల దగ్గర ఒక చెవి మీంచి తీసి, "ఇంకా ఎంతుంది?" అన్నాడు.

సరిగ్గా మూడో ఐదొందలు. ఇక తగ్గించేది లేదు. రేపు పొద్దున్నే మొత్తం ఫైలు పంపేస్తాను.