పెద్ద గళ్ళ షర్టు

"ఇంత పెద్ద గళ్ళా! నీకు నప్పవే, మార్చుకో" అంది అక్క. నేను మార్చుకోలేదు.

నలుపు తెలుపు గళ్ళ షర్టు, కింద నల్ల ప్యాంటు. ఇవాళ ఆఫీసుకి అదే. ఒక్కో గడి అరచేయంత ఉంది. జేబు మీది గడి వెనకాల బట్టలోని గడితో గీత తప్పకుండా కలిసింది. కుట్టినవాళ్ళ చేతికి దండం పెట్టాలనిపించింది. పెద్ద డిజైన్‌లో నేను ముందు చూసేది అదే. జేబు దగ్గరా, గుండీల పట్టీ దగ్గరా గళ్ళు తెగితే ఎంత మంచి బట్టైనా అతుకేసినట్టే ఉంటుంది.

షర్టులో తెలుపు కొంచెం మీగడ రంగు. పక్కన మెరిసే తెల్ల బూట్లు వేస్తే షర్టు మాసినట్టు కనబడుతుంది. అందుకే నల్ల చెప్పులు. చెవులకి చిన్న ఎర్ర రాళ్ళు, మెడ బోసిగానే వదిలేశా.

1965లో న్యూయార్క్‌ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఇంగ్లండ్ చిత్రకారిణి బ్రిడ్జెట్ రైలీ నలుపు తెలుపు చిత్రాలు పెట్టిన రోజుల్లో, ఆ గీతల్ని గౌన్ల మీదకి ఎక్కించేశారు. ఆవిడకి అస్సలు నచ్చలేదు. ఆవిడ కోపం న్యాయమే. అయినా అలాంటి గీతలు మనిషితోపాటు నడుస్తుంటే నాకు కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు.

సన్న చారలకి మాత్రం నేను కొంచెం దూరం. వీడియో కాల్‌లో అలల్లా కదిలిపోతాయి.

ఈసారి వెడల్పు చారల ప్యాంటు మీదకి చిన్న చుక్కల టాప్ వేసి చూస్తా. రెండూ ఒకే సైజైతే పోట్లాడుకుంటాయి.