సాలూరు లారీలకు హైడ్రోజన్ బంకు ఎప్పుడు?

మా చిన్నాన్నది సాలూరు లారీ. విజయనగరం నుంచి రామభద్రపురం, సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్లే దారిలో, చిన్నప్పుడు సెలవులకు నేనూ ఆయన పక్కన కూర్చుని వెళ్లేదాన్ని. నిండు లోడుతో బండి మెల్లగా మూలుగుతూ ఎక్కుతుంటే, క్లీనరు చెక్క దిమ్మె చేత పట్టుకుని వెనకే నడిచేవాడు. సైలెన్సరు పొగంతా అతని ముఖం మీదే పడేది. డీజిల్ మానాలన్న మాట విన్నప్పుడల్లా నాకు మసిబారిన ఆ ముఖమే గుర్తొస్తుంది.

ఆటోలకూ కార్లకూ బ్యాటరీ చాలునని నా అభిప్రాయం. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. అదే కరెంటును నేరుగా బ్యాటరీకి ఎక్కిస్తే బండి రెండింతల దూరం పోతుంది. ఘాట్ ఎక్కే లారీ సంగతి వేరు. అక్కడ బ్యాటరీల బరువు మేరకు సరుకు తగ్గించుకోవాలి, చార్జింగుకు పట్టే గంటలు కిరాయిని మింగేస్తాయి. హైడ్రోజన్ కిలోకు డీజిల్ కంటే దాదాపు మూడింతల శక్తినిస్తుంది, ట్యాంకు నిమిషాల్లో నిండుతుంది, హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్‌తో నడిచే బండి వదిలేది నీటి ఆవిరే.

కష్టమంతా బంకు దగ్గరే ఉంది. ఈ వాయువును 350 లేదా 700 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు అన్ని రెట్లతో, నింపాలి. దీనికి వాసన లేదు, మంట అంటుకున్నా పగటి వెలుగులో కంటికి దాదాపు ఆనదు. కాబట్టి లీకును పసిగట్టే సెన్సార్లు, గాలి ఆడే కప్పు, తర్ఫీదు పొందిన మనుషులు లేకుండా బంకు తెరవనే కూడదు.

కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఎండ, గాలి నుంచి వచ్చే కరెంటుతో హైడ్రోజన్ తీసేందుకు జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2025 జనవరిలో ఈ హైడ్రోజన్ తయారుచేసే పూడిమడక హబ్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ మార్చిలోనే 37 బస్సులు, లారీలతో, 9 బంకులతో ప్రయోగాలు మంజూరయ్యాయి. ఎంపికైన దారుల్లో విశాఖపట్నం–బయ్యవరం ఒకటి. పూడిమడకా బయ్యవరమూ రెండూ మా దారి నుంచి చూస్తే విశాఖకు అవతలి వైపున, అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. సాలూరు మీదుగా పోయే ఈ రాయపూర్ రోడ్డు విశాఖ హైవేలో కలిసే నాతవలస దగ్గర ఒక బంకు, ఘాట్‌కు ముందు రామభద్రపురంలో మరొకటి పెడితే, ఈ ఇంధనం నిజంగా అవసరమైన బళ్లకు అందుతుంది.

ఈ మాట చెబితే చిన్నాన్న అడిగింది ఒక్కటే: "దారిలో ఆగిపోతే ఎవరు చూస్తారమ్మా?" ఇప్పుడు మన్యం జిల్లాలో చేరిన సాలూరులో డీజిల్ ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల మెకానిక్కులు ఉన్నారు. బంకుకు పునాది తీయకముందే, వాళ్లను పిలిచి ఫ్యూయల్ సెల్ విప్పి చూపించాలి.