జాలీ బీరువాకి ముసలితనం: ఆరు ఆదివారాల పని

మొదటి ఆదివారం

పాత చెక్క సామాన్ల దుకాణంలో ఒక జాలీ బీరువా దొరికింది. ఫ్రిజ్‌లు రాకముందు పాలు, పెరుగు, మిగిలిన కూరలు పెట్టుకోవడానికి వంటింట్లో ఉండేది చూడండి, అదే. నాలుగడుగుల ఎత్తు, రెండున్నర వెడల్పు, మూడు అరలు, రెండు తలుపులు. వేప చెక్క అన్నారు, బరువు చూస్తే నమ్మాలనిపించింది. వెనక కాలు ఒకటి చెదలు తినేసింది. నడిమి అర పగిలింది. అమ్మకానికి పెట్టే ముందు పైనంతా చాక్లెట్ రంగు ఆయిల్ పెయింట్ దట్టంగా కొట్టేశారు, అద్దంలా మెరుస్తోంది. పాతదాన్ని కొత్తగా చూపించాలని వాళ్ల తాపత్రయం, మళ్లీ పాతగా చూపించాలని నాది.

బ్లేడుతో ఒక మూల గీకి చూశాను. చాక్లెట్ కింద ఆకుపచ్చ, దాని కింద లేత నీలం, అట్టడుగున ఎర్రమట్టిలా రెడ్ ఆక్సైడ్. ఉప్పుకాగితం పెట్టి అక్కడక్కడ రుద్దితే ఈ పొరలే బయటపడతాయి కదా, మళ్లీ వేరే రంగులు ఎందుకు అనిపించింది. కానీ చెయ్యలేదు. భయం సీసం గురించి. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధనలు మన దేశంలో 2016లో తెచ్చి, 2017 నవంబరు నుంచి అమలు చేశారు. అంతకు ముందు వేసిన పొరల్లో ఎంత ఉందో గీకి చూస్తే తెలిసేది కాదు. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా బాల్కనీలో, మన ముక్కులో, పిల్లల చేతుల్లో.

అందుకని పాత పొరల జోలికి పోకూడదని గట్టిగా అనుకున్నాను. 220 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) తీసుకుని, నీళ్లు చల్లుకుంటూ, పైనున్న కొత్త చాక్లెట్ పొర మెరుపు చచ్చేంత వరకే రుద్దాను. ఎన్95 మాస్క్ పెట్టుకున్నాను. తుడిచిన గుడ్డలు, ఆ బురద కవర్లో కట్టి పారేశాను. కొత్త కాలు, కొత్త అర, కొత్త జాలీ మేస్త్రిగారికి అప్పజెప్పాను.

రెండో ఆదివారం

రంగు ముట్టుకోలేదు. శ్రీకాకుళం వైపు మా పెద్దమ్మ ఇంట్లో ఇలాంటి బీరువానే ఉంది, ఇప్పటికీ వాడుతున్నారు. దాన్ని చూడ్డానికే వెళ్లాను. ఈ మొత్తం పనిలో బాగా కలిసొచ్చింది ఆ ప్రయాణమే.

పాతబడ్డ ఫర్నిచర్ అంటే మూలలన్నీ సమానంగా అరిగి ఉంటాయని నా లెక్క. వీడియోల్లో అలాగే చేస్తారు, నాలుగు మూలలూ టకటకా రుద్దేస్తారు. పెద్దమ్మ బీరువాకి పై మూలలు చెక్కుచెదరలేదు. ఎందుకు చెదురుతాయి, అక్కడ చెయ్యి పడదుగా. ఎడమ తలుపు దాదాపు కొత్తదిలా ఉంది. లోపల పైన చిన్న గడియ వేసి దాన్ని ఎప్పుడూ మూసే ఉంచుతారు, తీసేది కుడి తలుపొక్కటే. ఆ కుడి తలుపు అంచున, ఛాతీ ఎత్తులో, బొటనవేలు ఆనే చోట కోడిగుడ్డంత మచ్చ. రంగు పూర్తిగా పోయి, చెక్క నున్నగా, నూనె తాగినట్టు నల్లగా ఉంది. మచ్చ చుట్టూ లేత పసుపు. పెద్దమ్మ పోపు వేస్తూ మధ్యలో పసుపు చేత్తోనే తలుపు లాగింది. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను.

"దీన్ని ఫోటోలు తీసుకుంటావేంట్రా, రంగేయించమని మీ అన్నయ్యతో ఎప్పట్నుంచో చెప్తున్నా" అంది.

కాళ్ల దగ్గర ఇంకో సంగతి. చీమలు పట్టకుండా నాలుగు కాళ్ల కిందా నీళ్లు పోసిన చిప్పలు ఉంటాయి. నీళ్లు ఆనేంత మేర, అంటే సుమారు రెండంగుళాలు, చెక్క నల్లబడింది. ఆ పైన గీత గీసినట్టు రంగు పొరలు లేచి ఉన్నాయి. ముందు కాళ్లకి చీపురు తగిలే చోట అడ్డంగా గీతలు. అరల ముందు అంచులు గిన్నెలు లాగీ లాగీ గుండ్రమయ్యాయి, వెనక అంచులు పదునుగానే ఉన్నాయి.

ఇవన్నీ ఒక కాగితం మీద బీరువా బొమ్మ వేసి గుర్తు పెట్టుకున్నాను. ఆ కాగితం చివరి దాకా గోడకి అతికించే ఉంది.

మూడో ఆదివారం

వారం మధ్యలో ఆయిల్ వుడ్ ప్రైమర్ ఒక కోటు వేసి రోజున్నర వదిలేశాను. ఆయిల్ పెయింట్ మీద నేరుగా ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు) వేస్తే గోటితో లాగినా పొరలా ఊడొస్తుంది, కాబట్టి ఈ మెట్టు వదలకండి. దాని మీద ఎర్రమట్టి రంగు మ్యాట్ ఎమల్షన్ రెండు కోట్లు. రేపు పైరంగు అరిగితే కనబడాల్సిన "పాత పొర" ఇదే.

పైన వేసే లేత నీలానికి చాక్ పెయింట్ కావాలి, అంటే సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు. ఆ పేరుతో పెయింట్‌ని 1990లో ఇంగ్లండులో ఆనీ స్లోన్ అనే ఆవిడ తెచ్చారు. ఇక్కడ డబ్బా కొనాలంటే బీరువా ధరలో సగం అవుతుంది, అందుకని ఇంట్లోనే కలిపాను. 200 మిల్లీలీటర్ల మ్యాట్ ఎమల్షన్‌కి నాలుగు చెంచాల చాక్ పౌడర్, పెయింటర్లు లప్పంలో కలిపేదే. పొడిని ముందు మూడు చెంచాల నీళ్లలో ముద్దలా కలిపి, పాత పంచె గుడ్డలో వడకట్టి, అప్పుడు రంగులో పోయాలి. పొడిగా వేస్తే ఉండలు కడతాయి. చాక్ పౌడర్ బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడొచ్చంటారు. ఒకసారి కలిపి చూశాను. భోజనం చేసి వచ్చేసరికి మగ్గులో గట్టిగా బిగుసుకుపోయింది, మగ్గుతో సహా పారేశాను.

ఈ వారమంతా పగుళ్ల పిచ్చిలో పోయింది. చెక్క అతికించే తెల్ల జిగురు దట్టంగా రాసి, అది పూర్తిగా ఆరకముందే పైన నీళ్ల రంగు వేస్తే, పైపొర త్వరగా ఆరి ముడుచుకుంటుంది. కింద జిగురు ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి రంగు చీలిపోయి పాత పెయింట్‌లా పగుళ్లు వస్తాయి. చెప్పినంత తేలిక కాదు. మొదటి పలక మీద జిగురు ఆరిపోయాక వేశాను, ఒక్క పగులూ రాలేదు. రెండోదాని మీద బ్రష్ వెనక్కీ ముందుకీ ఆడించాను, జిగురూ రంగూ కలిసి రొంపిలా తయారైంది. మూడోసారి కుదిరింది. జిగురు వేలికి పట్టుకోవాలి గానీ వేలితో లేచి రాకూడదు. బ్రష్ ఒకే దిక్కున, ఒక్కసారే లాగాలి. విశాఖ సముద్రపు గాలికి ఆ స్థితి రావడానికి నాకు దాదాపు గంట పట్టింది, మీ ఊళ్లో అరగంటే పట్టొచ్చు.

ఇంతా చేసి, పెద్దమ్మ బీరువా ఫోటోలు మళ్లీ చూస్తే పగుళ్లు ఒక్క పక్కనే ఉన్నాయి. కిటికీ ఎండ పడే పక్కన. కాబట్టి నేనూ కుడి పక్క పలక ఒక్కదానికే పరిమితం చేశాను. మిగతా జిగురు డబ్బా అలాగే ఉంది, ఎవరికైనా కావాలంటే ఇస్తాను.

నాలుగో ఆదివారం

అసలు పని ఇదే. గోడ మీది కాగితం చూసుకుంటూ, అరుగుదల కావాల్సిన చోట మాత్రమే కొవ్వొత్తి రుద్దాను. కుడి తలుపు మీద బొటనవేలి మచ్చ, దాని కిందుగా మిగతా వేళ్లు పట్టే అంచు, తలుపు కింది భాగం (చేతులు ఖాళీ లేనప్పుడు కాలితోనే మూస్తారు కదా), కాళ్లు రెండంగుళాల మేర. మైనం ఉన్న చోట పైరంగు పట్టుకోదు, తర్వాత తేలిగ్గా లేచిపోతుంది. గట్టిగా రుద్దే పని తప్పుతుంది, పాత సీసం పొరల దాకా వెళ్లే ప్రమాదమూ తప్పుతుంది. నాకు ఇదే పద్ధతి కుదరడానికి కారణం అది.

నీలం ఒక కోటు, రెండు గంటలాగి ఇంకోటి. ఇంకో గంటకి తడిగుడ్డతో రుద్దడం మొదలుపెట్టాను. మైనం ఉన్న చోట నీలం చిన్న చిన్న పెచ్చులుగా లేచి, కింద ఎర్రమట్టి కనబడింది. అంచు మరీ కోసినట్టు కనిపించిన చోట 320 నంబరుతో రెండు మూడు సార్లు నిమిరాను, అంతే. ఇక్కడ చెయ్యి ఆపుకోవడం కష్టం. బాగా వస్తోంది కదా అని ఎడమ తలుపు మీదా రుద్దేశాను. పది నిమిషాలు పోయాక కాగితం చూసి నాలిక కరుచుకుని దానికి మళ్లీ నీలం వేశాను.

అమ్మ కాఫీ ఇస్తూ చూసింది. "శుభ్రంగా ఉన్నదాన్ని గోక్కుంటూ కూర్చున్నావు" అని వెళ్లిపోయింది.

ఐదో ఆదివారం

నడిమి అర కొత్త చెక్క, పసుపుపచ్చగా మెరుస్తోంది. పైనా కిందా అరలు రంగు లేని పాత చెక్కలు, ముదురు గోధుమ. వీటిని కలపడానికి వుడ్ స్టెయిన్ కొనబోతుంటే కలంకారీ గుర్తొచ్చింది. శ్రీకాళహస్తిలో నల్ల గీతలకి కసిమి వాడతారు, తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసేది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది పడగానే నల్లగా మారుతుంది. కరక్కాయ వగరులో ఉండే టానిన్, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. గుడ్డ మీద వచ్చేది చెక్క మీద ఎందుకు రాదు?

బెల్లం ఊరేదాకా ఆగే ఓపిక లేక వెనిగర్ వాడాను. మొదట గిన్నెలు తోమే స్టీల్ పీచు వేసి రెండు రోజులు ఉంచాను. ఏమీ కాలేదు. అది స్టెయిన్‌లెస్, తుప్పు పట్టదు, ఆ మాత్రం నాకు తట్టాల్సింది. తర్వాత తుప్పు మేకులు గుప్పెడు వేశాను. మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుడుతుంది. మూడు రోజులకి నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. పచారీ కొట్లో కొన్న కరక్కాయ పొడి రెండు చెంచాలు గ్లాసు నీళ్లలో మరిగించి, వడకట్టి, అరకి రాసి ఆరనిచ్చాను. దాని మీద మేకుల నీళ్లు రాస్తే నిమిషంలో చెక్క బూడిద రంగు అయి, చూస్తుండగానే నీలి నలుపులోకి పోయింది. మరీ బొగ్గు. అడుగు వైపు ప్రయత్నించాను కాబట్టి బతికాను. మేకుల నీళ్లు ఒక వంతుకి మామూలు నీళ్లు నాలుగు వంతులు కలిపి పైన రాస్తే పక్క అరలకి దగ్గరగా వచ్చింది. ఇక ఈ అర మీద ఊరగాయ జాడీలే పెట్టాలి, మూత లేని తిండి ఏదీ పెట్టను.

ఇనుప బందులు వెనిగర్, ఉప్పులో ఒక రాత్రి ఉంచితే తుప్పు పట్టేశాయి, తుడిచి కొబ్బరినూనె రాశాను. ఇత్తడి పిడికి థిన్నర్‌తో లక్క పూత తీసి, ఉప్పు వెనిగర్ తడిపిన కాగితం చుట్టి రెండు రోజులు ఉంచాను. పండగ వస్తే చింతపండు పెట్టి ఇత్తడి తోమిన ఇల్లు ఇది, ఈ పని మాత్రం దొంగచాటుగా చేశాను.

ఆరో ఆదివారం

తేనెమైనం ఒక వంతు, టర్పెంటైన్ మూడు వంతులు. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, స్టవ్ ఆర్పేసి, గిన్నెని దూరంగా తెచ్చాకే టర్పెంటైన్ పోయండి, ఇట్టే అంటుకుంటుంది. సగం అలాగే ఉంచి, సగంలో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు పొడి కలిపాను. ముందు రంగు లేని మైనం రాసి, ఆ తర్వాతే ముదురుది రాయాలి. ఒక పక్క పలకకి తొందరపడి ముదురుది నేరుగా రాశాను. చాక్ పెయింట్ దాన్ని పీల్చేసుకుని టీ ఒలికినట్టు మరకలు పడ్డాయి. ఆ మరకల మీద రంగు లేని మైనం పోసి గుడ్డతో రుద్దితే ముప్పాతిక వంతు లేచొచ్చింది. మిగిలిన పాతిక గోడ వైపు తిప్పాను.

పసుపు మరక కోసం మొదట వంటింటి పసుపే రాశాను. రెండు రోజుల ఎండకే వెలిసిపోయింది. తర్వాత ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టి రంగు పొడి మైనంలో కలిపి వేలితో అద్దాను, అది నిలబడింది. ఎంతగా అంటే, బుధవారం సాయంత్రం వచ్చేసరికి అమ్మ ఆ మచ్చని సబ్బు గుడ్డతో తోముతోంది. "ఎవరో పసుపు చేత్తో ముట్టుకున్నారురా, ఎంతకీ పోవట్లేదు" అంది.

టర్పెంటైన్ వాసన ఇంకా ఉంది, మరో రెండు వారాలు తలుపులు తీసే ఉంచుతాను. జాలీకి ఇంకా కొత్త మెరుపు పోలేదు, దానికి వెనిగర్ పూయాలి. కాళ్ల కిందకి చిప్పలు వెతుకుతున్నాను. ప్లాస్టిక్‌వి వద్దు, రాతివో పింగాణీవో అయితే బాగుంటుంది.