డీజిల్ ఫిల్టర్ మార్చాను: గాలి తీయడమే అసలు పని

మా పాత బొలెరోకు కొత్త డీజిల్ ఫిల్టర్ పడింది. ఎక్కడా కారడం లేదు, పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది. ఆయిల్ మార్చడం దాటి నేను సొంతంగా చేసిన మొదటి పెద్ద పని ఇదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

బండిది 2523 సీసీ డీఐ ఇంజను, అంటే డీజిల్‌ను నేరుగా సిలిండర్లోకే చిమ్మే రకం. తిరుపతి ఊళ్లో తిరిగినంతసేపు దానికి ఏ లోపమూ కనబడేది కాదు. పీలేరు వైపు పోతూ భాకరాపేట ఘాటు ఎక్కేటప్పుడే థర్డ్ గేరులో ఎంత తొక్కినా లాగేది కాదు. బరువు పడినప్పుడు ఇంజనుకు డీజిల్ ఎక్కువ కావాలి. ఫిల్టర్ కాగితం పూడుకుపోతే చదునైన రోడ్డు మీద సరిపోయేంత వస్తుంది గానీ ఎత్తు మీద చాలదు. ఎయిర్ ఫిల్టర్ ముందే విప్పి చూశాను, బాగుంది. పైగా నల్ల పొగ లేదు. గాలి చాలకపోతే మామూలుగా నల్ల పొగ కక్కుతుంది. డీజిల్ చాలకపోతే పొగ లేకుండానే బలం తగ్గుతుంది. అందుకే డీజిల్ ఫిల్టర్ మీదికి అనుమానం పోయింది.

రేణిగుంట రోడ్డులో స్పేర్ పార్టుల షాపుకు పోయేముందు పాత ఫిల్టర్ మీది నంబరు ఫోటో తీసుకున్నాను. బొలెరోల్లోనే ఏడాదిని బట్టి, ఇంజన్ను బట్టి ఫిల్టర్ మారుతుంది. బండి పేరు ఒక్కటే చెబితే వేరే రకం చేతికి రావచ్చు. కొత్త రబ్బరు రింగు డబ్బాలో ఉందో లేదో అక్కడే చూసుకోవాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది పాత డీజిల్ బండి, ఫిల్టర్ దగ్గర ఒత్తిడి తక్కువ, పైన చేత్తో కొట్టే పంపు ఉంది. అందుకే ధైర్యం చేశాను. కొత్త కామన్ రైల్ బండ్లలో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే బండ్లలో, ఇంజనుకు డీజిల్ నెట్టే పంపు దాటిన పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు) దాటగలదు. ఆ పైపులు వదులు చేస్తే సన్నని డీజిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది. వాటి జోలికి పోవద్దు. పెట్రోలు బండ్ల సంగతి వేరు. లైనులో ఒత్తిడి నిలిచి ఉంటుంది, ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, చాలా బండ్లలో ఫిల్టర్ ట్యాంకు లోపలే ఉంటుంది. మొదటి పనిగా అది ఎంచుకోకండి.

మా వీధి చివర షెడ్డు ఉన్న మెకానిక్ అన్నను అడిగితే ఒకటే మాట అన్నాడు: "ఫిల్టర్ ఎవురైనా తిప్పుతారు అబ్బోడా, గాలి సరిగ్గా తియ్యల్ల." నిజంగా అంతే.

ఇంజను పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేశాను. ఫిల్టర్ హెడ్డు (ఫిల్టర్ బిగించే పై భాగం) చుట్టూ పేరుకున్న మట్టిని ముందుగా బ్రష్షుతో, గుడ్డతో తుడిచాను. ఫిల్టర్ తీశాక అక్కడి నుంచి ఒక్క ఇసుక రేణువు లోపల పడినా అది నేరుగా ఇంజెక్షన్ పంపుకు, అంటే ఇంజనులోకి డీజిల్ నెట్టే పంపుకు, పోయే ప్రమాదం ఉంది. కింద వెడల్పాటి డబ్బా పెట్టి, రబ్బరు పైపుల మీద, బెల్టు మీద డీజిల్ పడకుండా ప్లాస్టిక్ కవరు కప్పాను. పాతది చేత్తో కదల్లేదు, బెల్ట్ స్పానర్ వేస్తే వచ్చింది. పాత రింగు హెడ్డుకే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. రింగు మీద రింగు పడితే కారడం ఖాయం.

కొత్త దాన్ని డీజిల్‌తో నింపి బిగించాలా, ఖాళీగానా అన్నదాని మీద రెండు వాదాలు ఉన్నాయి. నేను ఖాళీగానే బిగించాను. ఇలాంటి ఫిల్టర్లో చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల నుంచి డీజిల్ లోపలికి వస్తుంది, వడకట్టాక మధ్య రంధ్రం నుంచి బయటికి పోతుంది. మధ్యలో పోస్తే వడకట్టని డీజిల్‌ను ఇంజెక్షన్ పంపుకు మనమే అందించినట్టు. చేతి పంపు ఉండగా ఆ ప్రమాదం ఎందుకు? రింగుకు కాస్త డీజిల్ రాసి, రింగు తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి డబ్బా మీద రాసినట్టు ముప్పావు చుట్టు చేత్తోనే బిగించాను.

ఇక ఖాళీ ఫిల్టర్లో ఉన్న గాలి తీయాలి. హెడ్డు మీది బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) కొంచెం వదులు చేసి చేతి పంపు కొట్టడం మొదలుపెట్టాను. ముందు ఒట్టి గాలి బుస్సుమంది. తర్వాత తెల్లటి నురగ, ఆ తర్వాత బుడగలు కలిసిన డీజిల్. బుడగలు తగ్గినట్టే కనబడి మళ్లీ వస్తాయి. అక్కడే ఓపిక పట్టాలి. బుడగ లేని డీజిల్ వరసగా వస్తున్నప్పుడు, పంపు నొక్కి పట్టుకునే స్క్రూ బిగించాలి. వదిలి బిగిస్తే గాలి మళ్లీ లోపలికి లాగుతుంది. పంపు బొటనవేలి కింద రాయిలా గట్టిపడిందంటే గాలి పోయిందని గుర్తు. ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ మళ్లీ తగిలించి సెల్ఫ్ కొట్టాలి, అదీ ఒకసారికి పది సెకన్లు మించకుండా. కొంచెం తడబడి అందుకుంది. స్లోలో వదిలేసి రింగు చుట్టూ పొడి కాగితం తిప్పాను. తడి అంటలేదు. రామచంద్రాపురం దాకా ఒక చుట్టు పోయి వచ్చాక మళ్లీ చూశాను, అప్పుడూ పొడిగానే ఉంది.

పాత ఫిల్టర్లోని డీజిల్‌ను గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా పెట్టాను. తెల్లారి చూస్తే పైన డీజిల్, అడుగున వేలెడు మందాన నీళ్లు, వాటి కింద నల్లటి మడ్డి. డీజిల్ నీళ్లకన్నా తేలిక కాబట్టి అలా విడిపోతుంది. ఆ డీజిల్‌ను కాలువలో పోయకుండా అన్న షెడ్డులోని వేస్ట్ ఆయిల్ డ్రమ్ములో పోసి వచ్చాను. డీజిల్ గుడ్డలను కుప్ప వేయకుండా ఆరుబయట విడివిడిగా ఆరేశాను.

భాకరాపేట ఘాటు ఇప్పుడు థర్డ్ గేరులోనే ఎక్కుతోంది. ఇక తేల్చాల్సింది అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నది. ట్యాంకు మూత విప్పి చూస్తే రబ్బరు వాషర్ ఒకవైపు చీలి ఉంది. కార్తీకం వానలు మొదలయ్యేలోపు అది మార్చాలి, ట్యాంకు అడుగు బోల్టు విప్పి మడ్డి దించాలి. ట్యాంకులో డీజిల్ తగ్గేదాకా ఆగుతున్నాను.